క్యాన్సర్ ముప్పు చెప్పే జన్యు పరీక్ష: రోగనిరోధక జన్యువుల విభాగానికి అదనపు సొమ్ము చెల్లించవచ్చా?

విజయనగరంలోని ఒక రక్తపరీక్షల కేంద్రం ద్వారా మా కుటుంబంలో కొందరం వంశపారంపర్య క్యాన్సర్ ముప్పును అంచనా వేసే జన్యు పరీక్ష చేయించుకున్నాం. లాలాజలం ఇక్కడే తీసుకుంటారు, విశ్లేషణ వేరే రాష్ట్రంలోని ప్రయోగశాలలో జరుగుతుంది, నివేదిక ఫోనుకు వస్తుంది. ఈ ప్యాకేజీలో రెండు భాగాలున్నాయి. మొదటిది బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 వంటి జన్యువుల పరీక్ష. వీటిలో ఒక్క లోపం ఉన్నా క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది. రెండవది ‘రోగనిరోధక జన్యు ప్రొఫైల్’ పేరుతో అదనపు రుసుము తీసుకుని ఇచ్చే విభాగం. మన శరీరానికి క్యాన్సర్‌ను ఎదిరించే శక్తి పుట్టుకతో ఎంత ఉందో ఇది చెబుతుందని కరపత్రంలో రాశారు. మొదటి భాగం అవసరమైన కుటుంబాలకు నిజంగా ఉపయోగపడుతుంది, దానిని శ్రద్ధగా చేశారు కూడా. రెండవ భాగం వెనుక ఉన్న శాస్త్రం గొప్పది, నిజమైనది; కానీ దానిని ఒక వ్యక్తి జాతకంలాగా అమ్మడాన్ని నేను సమర్థించలేను. డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన వాడిగా, ఆ రెండవ భాగం గురించే ఎక్కువగా రాస్తాను.

ముందుగా మేము ఎందుకు వెళ్లామో చెప్పాలి. శ్రీకాకుళంలో ఉండే మా పిన్నికి నలభై అయిదేళ్లు నిండకముందే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. చికిత్స పూర్తయి ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నారు. ఆమె కూతురు, అంటే నా చెల్లెలు, తనకూ ఆ ముప్పు సంక్రమించిందేమో తెలుసుకోవాలనుకుంది. ఇక ఆమదాలవలస దగ్గరి పల్లెలో పుట్టి పెరిగిన మా మేనత్తకు చిన్న వయసు నుంచి అడ్డపొగ అలవాటు ఉంది. చుట్ట నిప్పు అంటుకున్న కొసను నోటి లోపల ఉంచుకుని పీల్చే ఈ పద్ధతి ఉత్తరాంధ్రలో, ముఖ్యంగా స్త్రీలలో, తరతరాలుగా ఉన్నదే. పిన్ని, చెల్లెలు మొదటి భాగం కోసం వచ్చారు. మేనత్తకు మాత్రం రెండవ భాగం తప్పక చేయించాలని అక్కడి ప్రతినిధి పట్టుబట్టారు. “పొగ తాగేవాళ్లందరికీ క్యాన్సర్ రాదు కదండీ, మీ మేనత్తగారి రోగనిరోధక జన్యువులు గట్టివో కావో ఇందులో తేలిపోతుంది” అన్నది ఆయన మాట.

శాంపిల్ సేకరణ విషయంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదని, తాగకూడదని, పొగ తాగకూడదని ముందే ఫోను చేసి చెప్పారు. గొట్టాల మీద పేర్లు మా ఎదుటే రాశారు. వృద్ధురాలైన మేనత్తకు నోరు ఎండిపోయి లాలాజలం చాలకపోతే, విసుక్కోకుండా కూర్చోబెట్టి మళ్లీ తీసుకున్నారు. నివేదిక చెప్పిన గడువులోనే వచ్చింది, కానీ మొత్తం ఇంగ్లిషులోనే ఉంది.

మొదటి భాగం గురించి క్లుప్తంగా చెబుతాను. మొత్తం క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి సుమారు 5 నుంచి 10 శాతం మాత్రమే. అయితే ఆ కొద్ది కుటుంబాలలో ముప్పు చాలా పెద్దది. బీఆర్‌సీఏ1లో హానికరమైన మార్పు ఉన్న స్త్రీలలో సగం మందికి పైగా జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం ఉంది. అందుకే ఇటువంటి పరీక్షను మొదట వ్యాధి వచ్చిన వ్యక్తికి చేయాలి. ఆమెలో మార్పు దొరికితే, ఆ ఒక్క మార్పు మిగతావారిలో ఉందో లేదో ఖచ్చితంగా చూడవచ్చు. కేంద్రంలోని వారు ముందు చెల్లెలికే చేద్దామన్నారు. నేను పిన్నితో మొదలుపెట్టమని కోరాను, అంగీకరించారు. పిన్నికి బీఆర్‌సీఏ జన్యువులలో హానికరమైన మార్పు ఏదీ కనబడలేదు. ఏటీఎం అనే జన్యువులో మాత్రం అర్థం ఇంకా తేలని మార్పు ఒకటి ఉందని, దాని ఆధారంగా చికిత్సను గాని కుటుంబంలో ఇతరుల పరీక్షలను గాని నిర్ణయించకూడదని నివేదికలో స్పష్టంగా రాశారు. అలా రాయడం మంచి ప్రయోగశాల లక్షణం. మన జన్యువులలోని అరుదైన మార్పుల వివరాలు ప్రపంచ డేటాబేసులలో తక్కువగా ఉండటం వల్ల, ఇటువంటి ‘తేలని’ ఫలితాలు యూరోపియన్లకంటే మనకు ఎక్కువగా వస్తుంటాయి.

ఈ ఏటీఎం జన్యువు మన అసలు విషయానికి కూడా దగ్గరిదే. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతులూ చెడిపోయిన పిల్లలకు అటాక్సియా టెలాంజియెక్టేసియా అనే వ్యాధి వస్తుంది. వారిలో నడక తడబడటంతో పాటు రోగనిరోధక శక్తి కూడా లోపిస్తుంది, లింఫోమా (లసిక కణాల క్యాన్సర్), లుకేమియా (రక్త క్యాన్సర్)ల ముప్పు బాగా ఎక్కువగా ఉంటుంది. ఒక్క ప్రతి మాత్రమే చెడిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ ముప్పు ఒక మోస్తరుగా పెరుగుతుంది. పుట్టుకతో వచ్చిన రోగనిరోధక లోపాలకు క్యాన్సర్‌తో సంబంధం ఉందనడానికి ఇటువంటి అరుదైన వ్యాధులే బలమైన రుజువులు. రెండవ విభాగంలో అమ్ముతున్నవి మాత్రం ఇటువంటి లోపాలు కావు. అవి ఆరోగ్యవంతులందరిలోనూ ఉండే సాధారణ తేడాలు, మనిషికీ మనిషికీ ముఖకవళికలు వేరైనట్టు ఉండేవి.

ఆ తేడాలలో ముఖ్యమైనవి హెచ్ఎల్ఏ జన్యువులు. ఈ పేరు శ్రీకాకుళం జిల్లాలో చాలామందికి కొత్త కాదు. ఉద్దానంలో మూత్రపిండాలు పాడైన వారికి కిడ్నీ మార్పిడి మాట వచ్చినప్పుడల్లా, ఇంట్లో ఎవరిది సరిపోతుందో చూడటానికి చేసే హెచ్ఎల్ఏ పరీక్ష గురించి ఆ కుటుంబాలు వింటూనే ఉంటాయి. ఈ జన్యువులు ఆరవ క్రోమోజోము మీద ఒకే చోట గుంపుగా ఉంటాయి. తల్లి నుంచి ఒక జట్టు, తండ్రి నుంచి ఒక జట్టు వస్తాయి. అందువల్లనే తోబుట్టువులిద్దరిలో రెండు జట్లూ పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. మనిషి జన్యువులన్నిటిలో ఇంత వైవిధ్యం ఉన్న చోటు మరొకటి లేదు. వీటిలో వేల కొద్దీ రూపాలను శాస్త్రజ్ఞులు నమోదు చేశారు.

వాటి పని ఏమిటో తెలిస్తేగాని క్యాన్సర్‌తో సంబంధం అర్థం కాదు. ప్రతి కణం తన లోపల తయారయ్యే ప్రోటీన్ల నుంచి చిన్న చిన్న ముక్కలను తీసి, హెచ్ఎల్ఏ అణువులలో అమర్చి, తన ఉపరితలం మీద ప్రదర్శిస్తుంది. బస్తా విప్పకుండా గొట్టం గుచ్చి నాలుగు గింజలు బయటకు తీసి ధాన్యం నాణ్యం చూసినట్టుగా, టీ కణాలు అనే రోగనిరోధక తెల్ల రక్తకణాలు ఆ ముక్కలను తడిమి చూసి లోపల వైరస్ ఉందా, కణం దారి తప్పిందా అని నిర్ణయించుకుంటాయి. టీ కణాలు ఏ ముక్కనైనా సొంత హెచ్ఎల్ఏతో కలిపి మాత్రమే గుర్తిస్తాయని కనుగొన్నందుకు పీటర్ డొహర్టీ, రోల్ఫ్ జింకర్నాగెల్‌లకు 1996లో నోబెల్ బహుమతి వచ్చింది. ఏ హెచ్ఎల్ఏ రూపంలో ఏ ముక్క ఇముడుతుందన్నది జన్యువుల మీద ఆధారపడుతుంది. కాబట్టి ఒకరి శరీరం ఒక వైరస్‌ను సులభంగా పసిగట్టవచ్చు, మరొకరి శరీరం అదే వైరస్‌ను ఆలస్యంగా గుర్తించవచ్చు.

ఇటువంటి జన్యువులను బట్టి క్యాన్సర్ ముప్పు మారవచ్చన్న ఊహ కొత్తది కాదు. వైరస్ వల్ల వచ్చే లుకేమియా కొన్ని జాతుల ఎలుకలకు సులభంగా సోకడానికి, వాటిలోని ఇటువంటి జన్యువులకే సంబంధం ఉందని 1964లోనే చూపించారు. మనుషులలో ఒక వ్యాధికీ హెచ్ఎల్ఏకూ సంబంధం ఉందని మొదటిసారి 1967లో నివేదించినప్పుడు, ఆ వ్యాధి కూడా క్యాన్సరే, హాడ్జ్‌కిన్ లింఫోమా. ఆ తర్వాత దశాబ్దాలలో ఆ చిత్రం స్పష్టమైంది. ఎప్‌స్టైన్-బార్ వైరస్ ఉన్న హాడ్జ్‌కిన్ లింఫోమాలో హెచ్ఎల్ఏ-ఏ*01 రూపం ఉన్నవారికి ముప్పు కొంత ఎక్కువ, ఏ*02 ఉన్నవారికి కొంత తక్కువ అని యూరోపియన్లలో తేలింది. విచిత్రమేమిటంటే, అదే ఏ*02 కుటుంబానికి చెందిన ఏ*02:07 రూపం దక్షిణ చైనా ప్రజలలో ముక్కు వెనుక భాగంలో వచ్చే క్యాన్సర్ ముప్పును పెంచుతుంది. అది కూడా అదే వైరస్‌తో ముడిపడిన క్యాన్సర్. దీనిని బట్టి ఏ రూపాన్నీ ‘మంచి జన్యువు’, ‘చెడ్డ జన్యువు’ అని పిలవలేమని స్పష్టమవుతుంది. మా మేనత్త నివేదికలో మాత్రం ప్రతి రూపానికీ ఎదురుగా ఆకుపచ్చ బాణమో ఎర్ర బాణమో గీశారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఈ బాణాలే.

ఇక ఆ నివేదికలో చెప్పిన నాలుగు అంశాలను విడివిడిగా పరిశీలించాను.

మొదటిది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. దీనికి మూలం హెచ్‌పీవీ వైరస్. ఈ వైరస్ సోకిన స్త్రీలలో చాలామందికి రెండేళ్ల లోపే రోగనిరోధక శక్తి దానిని తుడిచివేస్తుంది. ఎవరిలో అది ఏళ్ల తరబడి నిలిచిపోతుందో వారిలో క్యాన్సర్ పుట్టే అవకాశం ఉంది. నిలవడంలో హెచ్ఎల్ఏ పాత్ర ఉంది. డీఆర్‌బీ1*15:01, డీక్యూబీ1*06:02 అనే హెచ్ఎల్ఏ రూపాలు కలిసి ఉన్న జట్టు ముప్పును కొంత పెంచుతుందని, డీఆర్‌బీ1*13 ఉన్న జట్టు కొంత రక్షణ ఇస్తుందని పలు అధ్యయనాలలో మళ్లీ మళ్లీ కనబడింది. కాబట్టి నివేదికలో రాసినది అబద్ధం కాదు. అయితే ఆ తేడా ఎంత? స్వీడన్‌లో 2013లో వెలువడిన పెద్ద అధ్యయనంలో కూడా ఈ ప్రాంతపు జన్యువుల ఒక్కొక్క తేడా ప్రభావం సుమారు ఒకటిన్నర రెట్ల లోపే ఉంది. వైరస్ లేకపోతే ఆ తేడాకు అర్థమే లేదు, వైరస్ రాకుండా చూడటానికి టీకా ఉంది. మన దేశంలో తయారైన సర్వావాక్ టీకా 2023 నుంచి దొరుకుతోంది. చెల్లెలి నివేదికలో ఈ అంశానికి ఆకుపచ్చ బాణం ఉంది. ఆ పేజీలో ఎక్కడా హెచ్‌పీవీ పరీక్ష గురించి గాని, ఆమె కూతురికి వేయించవలసిన టీకా గురించి గాని ఒక్క మాట లేదు. ఆకుపచ్చ బాణం చూసి ఒక స్త్రీ ఆ పరీక్షను వాయిదా వేసుకుంటే ఆ నష్టానికి బాధ్యత ఎవరిది?

రెండవది హెపటైటిస్-సి, దాని ద్వారా కాలేయ క్యాన్సర్. ఐఎఫ్ఎన్ఎల్3 అనే జన్యువు పక్కనున్న ఒక చిన్న తేడా, ఈ వైరస్‌ను శరీరం తనంతట తాను వదిలించుకోగలదా, ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లకు లొంగుతుందా అన్నది ముందే సూచిస్తుందని 2009లో కనుగొన్నారు. ఆ రోజులలో ఇది నిజంగా విలువైన సమాచారం, ఎందుకంటే ఆ ఇంజెక్షన్లు నెలల తరబడి కొనసాగేవి, దుష్ప్రభావాలు భరించలేనివి. తర్వాత నేరుగా వైరస్ మీద పనిచేసే మాత్రలు వచ్చాయి. సాధారణంగా పన్నెండు వారాల పాటు వాడితే నూటికి తొంభై అయిదు మందికి పైగా వైరస్ పూర్తిగా పోతుంది, జన్యువు ఏ రూపంలో ఉన్నా సరే. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో ఈ మందులు ఉచితంగా ఇస్తారు. జన్యు సమాచారం విలువ, దాని చుట్టూ ఉన్న వైద్యాన్ని బట్టి మారిపోతుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. మా నివేదికలో ఈ మాత్రల ప్రస్తావన లేదు. అసలు మాలో ఎవరికైనా హెపటైటిస్-సి ఉందా అని దరఖాస్తులో అడగనే లేదు. వైరస్ లేని మనిషికి వైరస్‌ను వదిలించుకునే శక్తి తక్కువని చెప్పి భయపెట్టడం వల్ల ప్రయోజనం ఏమిటి?

మూడవది కడుపు క్యాన్సర్. హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా సోకినవారిలో ఐఎల్-1 బీటా జన్యువు కొన్ని రూపాలలో ఉంటే వాపు తీవ్రమై ముప్పు పెరుగుతుందని 2000 సంవత్సరంలో ఒక ప్రసిద్ధ అధ్యయనం వచ్చింది. తర్వాత వేర్వేరు దేశాలలో చేసినప్పుడు ఫలితాలు ఒకేలా రాలేదు. ఆ సంగతి నివేదికలో లేదు. ఆ బాక్టీరియాను యాంటీబయాటిక్ మందులతో తొలగించవచ్చని, అది ఉందో లేదో నేరుగా తెలుసుకోవడానికి ఎండోస్కోపీ, మల పరీక్ష వంటి మార్గాలు ఉన్నాయని చెబితే సరిపోయేది.

నాలుగవది, మా మేనత్తకు సంబంధించినది, పొగ. ఇక్కడ నేను కొంచెం ఎక్కువ రాయక తప్పదు. 2024లో సైన్స్ పత్రికలో ఒక ముఖ్యమైన అధ్యయనం వచ్చింది. బ్రిటన్, ఫిన్లాండ్‌లలోని లక్షల మంది సమాచారాన్ని పరిశీలించి, పొగ తాగేవారిలో ‘రెండవ తరగతి’ అని పిలిచే హెచ్ఎల్ఏ జన్యువులు తల్లి నుంచి ఒక రూపం, తండ్రి నుంచి మరొక రూపం వచ్చినవారికి, రెండు వైపులా ఒకే రూపం వచ్చినవారికంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు తక్కువగా ఉందని చూపారు. రెండు వేర్వేరు రూపాలుంటే ఎక్కువ రకాల ముక్కలను ప్రదర్శించగలగడం దీనికి కారణం కావచ్చు. పొగతాగే వారిలో కణాలకు ఎన్నో మార్పులు కలుగుతాయి కాబట్టి, వాటిని గుర్తించే సామర్థ్యం అక్కడ బాగా అక్కరకు వస్తుంది. ఎంతో ఆలోచన రేకెత్తించే ఫలితం ఇది. క్యాన్సర్‌లో రోగనిరోధక శక్తి కాపలా పాత్ర గురించి ఎన్నాళ్లుగానో ఉన్న ఊహకు మామూలు జనాభాలో దొరికిన బలం ఇది.

ఈ ఫలితమే మన ప్రాంతానికి ఒక ప్రశ్న వేస్తుంది. మన దగ్గర మేనరికాలు ఎక్కువ. మేనమామ కూతురిని చేసుకున్నవారి పిల్లలలో, ఒకే పూర్వీకుడి నుంచి రెండు వైపులా ఒకే రూపం వచ్చే అవకాశం ఏ జన్యువు విషయంలోనైనా పదహారింట ఒక వంతు అదనంగా ఉంటుంది. మేనకోడలిని మేనమామ చేసుకుంటే అది ఎనిమిదింట ఒక వంతు. హెచ్ఎల్ఏ గుంపుగా వచ్చే జన్యువులు కాబట్టి అక్కడ కూడా ఈ లెక్క వర్తిస్తుంది. దక్షిణ భారతదేశంలోని అనేక సమూహాలలో తరతరాలుగా లోపలి వివాహాలు జరగడం వల్ల జన్యు వైవిధ్యం ఎలా ఇరుకైందో 2009లో హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రజ్ఞులు పాలుపంచుకున్న అధ్యయనం చూపింది. మా మేనత్త తల్లిదండ్రులు స్వయంగా మేనబావ, మేనమరదలు. అటువంటప్పుడు ఆమెకు హెచ్ఎల్ఏ రెండు రూపాలూ వేరువేరా, ఒకటేనా అన్నది ఈ విభాగంలో నేను మొదట వెదికిన సమాచారం. అది నివేదికలో లేదు. విడివిడి రూపాలకు బాణాలు గీశారు కానీ, 2024 ఫలితం ఆధారపడిన అసలు విషయాన్ని పట్టించుకోలేదు. దరఖాస్తులో మేనరికం గురించి ప్రశ్న కూడా లేదు. ఉత్తరాంధ్రలో సేవలు అందించే సంస్థ అడగవలసిన మొదటి ప్రశ్నలలో అది ఒకటి.

అలాగని ఆ సమాచారం ఇచ్చి ఉంటే మా మేనత్త భవిష్యత్తు చెప్పగలిగేవారని కాదు. ఆ అధ్యయనంలో ఉన్నవారు యూరోపియన్ సంతతివారు, వ్యాధి ఊపిరితిత్తులది, అలవాటు ప్రధానంగా సిగరెట్టు. అడ్డపొగలో దెబ్బ తగిలేది అంగిలికి. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగిలి మీద వచ్చే మార్పులను వివరించిన అధ్యయనం 1971లోనే వెలువడింది. ప్రపంచ వైద్య సాహిత్యంలో మన జిల్లా పేరు ఈ విషయంలో అర్ధశతాబ్దంగా ఉంది. అదే పరిశోధకుల బృందం శ్రీకాకుళంతో పాటు కేరళ, గుజరాత్ జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడకందారులకు మానమని నచ్చజెప్పే కార్యక్రమం నడిపి, ఆ కార్యక్రమం వల్ల నోటిలో క్యాన్సర్‌కు దారితీసే మచ్చలు తగ్గాయని 1986లో ప్రకటించింది. అడ్డపొగ తాగేవారిలో ఏ హెచ్ఎల్ఏ రూపం రక్షిస్తుందని చెప్పే ఆధారం ఏదీ నివేదికలో చూపలేదు. అయినా పొగాకు శీర్షిక కింద మా మేనత్తకు ఆకుపచ్చ బాణం గీశారు. నివేదిక చదివి వినిపించినప్పుడు ఆమె వెంటనే అడిగిన మాట ఇది: “ఏటి బాబూ, ఇందులో బాగుందని రాసీసినారు కదా, ఇంక నాను సుట్ట మానక్కర్నేదేటి?” ఆ ప్రశ్న విన్న తర్వాత ఈ విభాగానికి మంచి మార్కులు వేయడం నాకు సాధ్యం కాదు. ఒక జన్యు నివేదిక చేయగల అతి పెద్ద హాని ఈ ప్రశ్నలోనే ఉంది. ఆమెను దంతవైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లి అంగిలి చూపించాం. ముప్పై ఏళ్లు దాటినవారికి నోటి క్యాన్సర్ ప్రాథమిక పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో జాతీయ కార్యక్రమం కిందనే ఉంది. దానికి రుసుము లేదు, టార్చిలైటు చాలు.

పరీక్ష చేసిన పద్ధతి మీద కూడా ఒక మాట. కిడ్నీ మార్పిడికి చేసే హెచ్ఎల్ఏ పరీక్షలో ఆ జన్యువులనే నేరుగా చదువుతారు. ఇక్కడ అలా చేయలేదు. జన్యుక్రమంలో అక్కడక్కడా కొన్ని గుర్తులు మాత్రమే చదివి, వాటి పక్కన ఏ హెచ్ఎల్ఏ రూపం ఉండవచ్చో పాత నమూనాలతో పోల్చి కంప్యూటరు ద్వారా ఊహించారు. నివేదిక చివరి పేజీలో, చాలా చిన్న అక్షరాలలో ఈ సంగతి ఉంది. ఊహించే ఈ పద్ధతి తప్పుడు పద్ధతి కాదు, పరిశోధనలలో విస్తృతంగా వాడతారు. కానీ పోల్చే నమూనాలలో మనవంటివారు ఎందరున్నారన్నదాని మీదే దాని ఖచ్చితత్వం ఆధారపడుతుంది. మా నివేదికలో మమ్మల్ని ‘దక్షిణాసియా’ అనే ఒకే గంపలో వేశారు. ఒక పల్లెలోనే ఏడెనిమిది వేర్వేరు వివాహ వర్గాలుండే మన జిల్లాలకు అది సరిపోదు. పది వేల మంది భారతీయుల జన్యుక్రమాలను సేకరించిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది కాబట్టి, ఈ లోటు క్రమంగా తగ్గుతుందని ఆశిస్తున్నాను. ఆ పని మీద నాకు ఎంతో గౌరవం ఉంది.

నివేదికలో ఒక పేజీ ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదకు ఉసిగొల్పే చికిత్స) గురించి ఉంది: మీ హెచ్ఎల్ఏ రూపాలను బట్టి ఆ మందులు మీకు బాగా పనిచేస్తాయి అని. ఆరోగ్యవంతులకు ఇచ్చే నివేదికలో ఈ పేజీ అవసరం లేదు. హెచ్ఎల్ఏ వైవిధ్యం ఎక్కువ ఉన్న రోగులకు ఆ మందులు మేలు చేశాయని 2018లో వచ్చిన ఫలితం తర్వాతి విశ్లేషణలన్నిటిలోనూ నిలబడలేదు.

ఫోనులో కౌన్సెలింగ్ ఇచ్చిన ఆమె గురించి మాత్రం మనస్ఫూర్తిగా మంచి మాట చెప్పాలి. మొదట ఇంగ్లిషులో మొదలుపెట్టినా, పిన్ని అడగగానే తెలుగులోకి మారారు. ఏటీఎం ఫలితాన్ని భయపెట్టకుండా, తేలిక చేయకుండా వివరించారు. చెల్లెలికి మార్పు లేదని కాకుండా, “మీ అమ్మగారిలో కారణం దొరకలేదు కాబట్టి మీరు కుటుంబ చరిత్ర ఆధారంగానే జాగ్రత్త తీసుకోవాలి” అని సరిగ్గా చెప్పారు. రోగనిరోధక విభాగం గురించి నేను గుచ్చి అడిగితే, ఆ బాణాల ఆధారంగా ఏ నిర్ణయమూ తీసుకోవద్దని ఆమే అన్నారు. కౌన్సెలర్ నోటితో చెప్పిన ఆ మాట నివేదికలో మొదటి వాక్యంగా అచ్చు వేసి ఉంటే, ఈ సమీక్షలో సగం రాయవలసిన అవసరమే ఉండేది కాదు. అయితే ఈ కౌన్సెలింగ్ నివేదిక వచ్చిన తర్వాత మాత్రమే, అదీ అడిగినవారికే ఇస్తున్నారు. సొమ్ము కట్టకముందే ఇవ్వవలసినది ఇది.

ఎవరు చేయించుకోవాలన్న ప్రశ్న నన్ను ఇప్పటికే కొందరు అడిగారు. దగ్గరి బంధువులలో చిన్న వయసులో రొమ్ము, అండాశయ, పెద్దపేగు క్యాన్సర్లు వచ్చినవారు, రెండు రొమ్ములకూ వచ్చినవారు, ఒకే వైపు బంధువులలో పలువురికి వచ్చినవారు ఉంటే, ముందు క్యాన్సర్ వైద్యుడి సలహా తీసుకుని మొదటి విభాగం చేయించుకోవడం మంచిది. హైదరాబాదు వెళ్లగలిగినవారికి నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది. కుటుంబంలో చిన్న పిల్లలకు మాటిమాటికీ తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు రావడం, చిన్న వయసులోనే లింఫోమా రావడం ఉంటే, అది నిజమైన రోగనిరోధక జన్యు లోపం కావచ్చు; దానికి కావలసినది ఈ ప్యాకేజీ కాదు, పిల్లల వైద్యుడి ద్వారా జరిగే ప్రత్యేక పరీక్ష. కిడ్నీ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడుతున్న ఉద్దానం ప్రాంతపు రోగులకు కొన్ని క్యాన్సర్ల ముప్పు, ముఖ్యంగా వైరస్‌లతో ముడిపడినవాటి ముప్పు, ఎక్కువని వైద్యులకు తెలుసు. వారు క్రమం తప్పకుండా వైద్యుడికి చూపించుకోవాలి గాని, ఈ ప్రొఫైల్ వారికి కొత్తగా చెప్పేది ఏమీ లేదు. మిగతా ఎవరికైనా, ప్రస్తుత రూపంలో, రోగనిరోధక విభాగానికి అదనపు రుసుము చెల్లించవద్దనే నేను చెబుతాను.

చివరగా సమ్మతి పత్రం. ఎవరూ చదవకుండా సంతకం పెట్టేది అదే కాబట్టి దీని గురించి రాయడం అవసరం. అది ఇంగ్లిషులోనే ఉంది. మా జన్యు సమాచారాన్ని పేర్లు తీసివేసి పరిశోధనకు, భాగస్వామ్య సంస్థలకు ఇవ్వవచ్చన్న అంగీకారం అందులో పరీక్షకు ఇచ్చే అంగీకారంతో కలిసిపోయి ఉంది. పరిశోధనకు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు, మనవారి నమూనాలు పెరగాలని పైన నేనే కోరాను. కానీ అది విడిగా అడిగి తీసుకోవలసిన అనుమతి. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఇటువంటి నోటీసును రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో చదువుకునే వీలు ఉండాలని చెబుతుంది. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. మేము పరిశోధనకు సంబంధించిన వాక్యాన్ని కొట్టివేసి, పక్కన సంతకం చేసి ఇచ్చాం. కేంద్రంలోని వారు అభ్యంతరం చెప్పకుండా తీసుకున్నారు. మీరు వెళితే ఆ పత్రాన్ని ఇంటికి తెచ్చుకుని, చదవగలిగినవారి చేత పూర్తిగా చదివించుకుని, జన్యు సమాచారం ఎన్నేళ్లు భద్రపరుస్తారో, తొలగించమని ఎవరికి రాయాలో అందులో రాయించుకున్న తర్వాతే లాలాజలం ఇవ్వండి.